గుండీల పెట్టెల్లో బోల్టులు

కొండబండి పొగ నీలంగా మారినప్పుడే పాలక్కకు సంగతి అర్థమైంది. అయినా అర్థం కానట్టు నటిస్తూ రెండు నెలలు నెట్టుకొచ్చింది. మొదట వారానికోసారి ఆయిలు పోసేది, తర్వాత రెండు రోజులకోసారి. ఆఖరికి పదో తారీఖు ఉదయం, పదకొండో ఇల్లు దాటి నిట్టనిలువు మలుపు ఎక్కుతుండగా, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు రెండుసార్లు దగ్గి బండి ఆగిపోయింది. వెనక కట్టిన నాలుగు క్యాన్లలో పాలు ఒక్కసారి తొణికి సర్దుకున్నాయి. ఆమె దిగి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. తిట్టడానికి కూడా ఓపిక లేక చక్రం కింద రాయి పెట్టి, కాలినడకన కిందికి వచ్చింది.

ఆమె అసలు పేరు పాలకేంద్రం హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. కొండ మీద పదిహేడు ఇళ్లకూ, కింద వీధికీ ఆమె పాలక్కే. ఆమె నడిపే బండి ఏటీవీయే అయినా దాన్నీ ఎవరూ ఏటీవీ అనేవాళ్లు కాదు. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలు హ్యాండిలు, ఎద్దు వీపులాంటి సీటు. కొండ ఎక్కుతుంది కాబట్టి కొండబండి.

బండి రాకముందు ఆరేళ్లు ఆమె పాలకేంద్రంలో పరీక్ష బల్ల దగ్గర పనిచేసింది. కిటికీ లేని గది. ముందు వరసగా సీసాలు. పాలల్లో లాక్టోమీటరు ముంచడం, అది తేలిన అంకె రాయడం, తుడవడం, మళ్లీ ముంచడం. మనిషి ముఖం కనబడదు, పాలే కనబడతాయి. ఇంటికొచ్చాక కూడా ఏ గ్లాసు చూసినా అందులో ఏదో ఒకటి ముంచబుద్ధయ్యేది. అలాంటిది కొండ మీద ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకొచ్చే దారి దొరికిన రోజున, చెర వదిలినట్టు ఊపిరి పీల్చుకుంది.

అందుకే పాలకేంద్రం ఇన్‌ఛార్జి మాట ఆమెకు నిప్పులా తగిలింది.

"ఒకటో తారీఖు దాకా చూస్తాను అక్కా," అన్నాడతను, కళ్లు రిజిస్టరు మీంచి ఎత్తకుండా. "ఈలోపు ట్రాక్టరతను తిరుగుతాడు."

"ట్రాక్టరు పదకొండో ఇల్లు దాటి పైకి పోలేదు కదా."

"పోలేదు. పై ఆరిళ్లవాళ్లు కిందికి తెచ్చి పోసుకుంటారు."

"అందరూ ముసలివాళ్లు. ఎలా తెస్తారు?"

"అందుకే కదా ఒకటి దాకా అంటున్నాను. అప్పటికీ బండి బాగుపడకపోతే దారి ట్రాక్టరుకే. నీకేం, బల్ల ఉండనే ఉంది. నీడపట్టున పని."

ఆ నీడపట్టు ఆ మర్నాటి నుంచే మొదలైంది. బండి లేని మనిషిని ఖాళీగా ఎందుకు కూర్చోబెట్టాలని, మధ్యాహ్నం దాకా ఆమెను మళ్లీ సీసాల ముందు కూర్చోబెట్టారు.

వీధి చివర మెకానిక్ ముసలివాడు. పొగ వాసన చూసి జబ్బు చెప్పే రకం. పదకొండో ఇంటి దాకా నెట్టుకొచ్చి, అక్కడి నుంచి ట్రాక్టరు వెనక కట్టి లాక్కొచ్చిన బండిని ఒకసారి స్టార్టు చేయించి, చెవి దగ్గర పెట్టి విని, చాలు ఆపమన్నాడు.

"రింగులు అరిగాయి. సిలిండరు లోపల గీతలు పడ్డాయి. ఇంజను విప్పాలి తల్లీ. వదిలేసి వెళ్లు, నలభై రోజులు పడుతుంది."

"నాకు ఇరవై రోజుల్లో కావాలి."

"అయితే ఇరవై రోజుల కిందట రావాల్సింది."

ఆమె కదల్లేదు. షెడ్డు నిండా విప్పిన బళ్లు వరసలో ఉన్నాయి. వాటి వంకా ఆమె వంకా మార్చి మార్చి చూసి, లోపలికెళ్లి ఆయన జిరాక్సు కాగితాల పుస్తకం ఒకటి, బిగింపు కొలిచే పొడవాటి రెంచి ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే విప్పు. విప్పడం ఎవడైనా విప్పుతాడు," అని ఆగాడు. మిగతా సగం చెప్పలేదు. "ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఇంజను పక్క మూతకి పన్నెండు బోల్టులు. పొడుగులు మూడు రకాలు. అట్టముక్క మీద మూత బొమ్మ గీసుకుని, తీసిన బోల్టు తీసినట్టు దాని చోటులో గుచ్చు. కలిపేశావంటే నీకూ నాకూ దేవుడే దిక్కు."

బండి నుంచి దింపిన నలభై కిలోల ఇంజనును ఇంట్లోకి మోసింది ఆమె, ఆమె భర్త. ఆయన బస్సు డ్రైవరు. సాయంత్రం డ్యూటీకి ముందు ఉతికి తొడుక్కున్న చొక్కా నల్లబడకుండా పొట్ట లోపలికి పీల్చుకుని మోశాడు.

"సవతిపోరంటే ఏమిటో మగవాళ్లకి తెలీదంటారు," అన్నాడు రొప్పుతూ. "నాకు తెలిసింది. ఆరేళ్లుగా దానికే స్నానం, దానికే తిండి. ఇప్పుడు ఏకంగా ఇంట్లోకే తెచ్చేశావు."

"మాటలాపి ఆ చివర ఎత్తండి."

ఇంట్లో ఆ బరువుకి వణకని బల్ల ఒకటే ఉంది, అత్తయ్య ఇస్త్రీ బల్ల. దుప్పటి తీసి పాత గోనె పరిచారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. గోనె అంచు ఒకవైపు ఎక్కువ వేలాడుతుంటే వచ్చి సరిచేసి వెళ్లింది.

ఆవిడ సంగతి ఇక్కడ చెప్పాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు గుండీలు, దారాలు అమ్మే కొట్టులో పనిచేసింది. కొట్టులో ప్రతి పెట్టె ముఖానికీ లోపలున్న గుండీ ఒకటి దారంతో కట్టి ఉంటుంది. చూసి తీసుకోవడమే, మూత తెరవక్కర్లేదు. కొట్టు మూతపడ్డాక యజమాని ఖాళీ పెట్టెలు బయట పారేస్తుంటే ఆవిడ ఇంటికి మోసుకొచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో మేకుల పెట్టెకి ఒక మేకు, పిన్నుల పెట్టెకి ఒక పిన్ను వేలాడుతుంటాయి. వీధిలో ఆవిడ పేరు గుండీలావిడ.

పాలక్క మధ్యాహ్నం బల్ల దగ్గరి నుంచి రావడం, చేతులు కడుక్కోవడం, మళ్లీ మురికి చేసుకోవడం. ఫోను గోడకి ఆనించి వీడియో పెట్టేది. అందులో మనిషి ప్రతి వాక్యానికీ ముందు "ఇది చాలా సింపుల్" అనేవాడు. సింపుల్ అయినవన్నీ నింపాదిగా చూపించేవాడు. పట్టుకుపోయిన బోల్టు దగ్గరికి రాగానే తెర నల్లబడి, తెల్లబడేసరికి బోల్టు అతని అరచేతిలో ఉండేది. "మధ్యలో ఏం చేశావురా నాయనా," అని ఆమె ఫోనుని అడిగేది. ఇక్కడ ఆ ఒక్క బోల్టుకి రెండు మధ్యాహ్నాలు పట్టింది. వేళ్ల మీద తోలు లేచిపోయింది.

మూడో మధ్యాహ్నానికి పక్క మూత ఊడింది, సిలిండరు ఊడింది, పిస్టన్ చేతికొచ్చింది. పన్నెండు బోల్టులూ అట్ట మీద మూత ఆకారంలో గుచ్చి, ఆ అట్టను కిటికీలో పెట్టింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కాస్త కునుకు పట్టింది.

మర్నాడు బల్ల దగ్గరి నుంచి తిరిగొచ్చేసరికి కిటికీ ఖాళీగా ఉంది. ఇస్త్రీ బల్ల మీద మూడు గుండీల పెట్టెలు. ఒక్కోదాని ముఖానికి ఎర్రదారంతో కట్టిన బోల్టు ఒకటి, తళతళలాడుతూ.

"నా అట్ట ఏది అత్తయ్యా?"

"ఏ అట్ట?"

"బోల్టులు గుచ్చిన అట్ట."

"అదా. నూనె కారి కిటికీ అంతా జిడ్డు చేసింది. పొద్దున చెత్తబండిలో వేసేశాను." గుండీలావిడ ముఖంలో చాలా కాలానికి పని దొరికిన వెలుగు. "కంగారుపడకు, ఒక్కటి పోలేదు. కిరసనాయిల్లో కడిగి, పొడుగు ప్రకారం వేరు చేశాను. పొట్టివి ఐదు, నడిమివి నాలుగు, పొడుగువి మూడు. నువ్వేమో ఎలా పడితే అలా గుచ్చావు, పొట్టిదాని పక్కన పొడుగుది."

"ఎలా పడితే అలా కాదు. ఎక్కడిది అక్కడ."

"పెట్టెల్లో ఉంటే చూడగానే తెలుస్తుంది కదా అని..."

"ఏం తెలుస్తుంది?" పాలక్క గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఏది పొడుగో నాకు కళ్లుండి కనబడదా? ఏది ఎక్కడ ఉండాలో తెలియాలి. మీ కొట్టు మూతపడి ఏడేళ్లయింది అత్తయ్యా. ఇది కొట్టు కాదు."

గుండీలావిడ చేతిలోని గుడ్డను మడత పెట్టింది. ఆ మడతను మళ్లీ మడిచింది.

"ఏడేళ్లా నాలుగు నెలలు," అని తన గదిలోకి వెళ్లింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం పెరటికి తెలిసింది. గుమ్మం పక్కన బోర్లించిన పాలక్యాను ఆమె కాలితో తంతే గోడ దాకా దొర్లి, గోడను కొట్టి, సగం దూరం వెనక్కి దొర్లి వచ్చింది. క్యానుకు ఏమీ కాలేదు. పాలక్క బొటనవేలు మాత్రం వారం రోజులు వాచి ఉంది.

పుస్తకంలో ఆ పేజీ తీసింది. మూత బొమ్మ ఉంది. బోల్టుల పొడుగులు రాసిన మూలలో మాత్రం, ఎవరో ఎప్పుడో గ్రీజు చేత్తో పేజీ తిప్పిన గుర్తు, బొటనవేలంత నల్లటి మచ్చ. మెకానిక్ దగ్గరికి పరుగెత్తింది. షట్టరు దించి ఉంది. దాని మీద సుద్దముక్కతో "మనవరాలు పుట్టింది, నెలాఖరుకు వస్తాను" అని రాసి ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఇలాగే ఉంటుంది కాబోలనుకుంటూ, ఆ మనవరాలు చల్లగా ఉండాలని కూడా అనుకోలేక వెనక్కి వచ్చింది. దారిలో అనుకుంది, కాస్త బలవంతంగా.

సిలిండరును లేతు షాపులో అరగదీయించి, దానికి సరిపడే కొత్త పిస్టన్ తెప్పించింది. వచ్చిన పిస్టన్ సైజు తప్పు. తిప్పి పంపితే సరైనది వచ్చేసరికి ఆరు రోజులు. ఆ ఆరు రోజులూ సీసాల్లో లాక్టోమీటరు ముంచుతూ, తేలిన ప్రతి అంకెనూ తారీఖుగా చదువుకుంది. ఇంట్లో అత్తయ్య వడ్డించేది, కంచాలు తీసేది, ఇస్త్రీ బల్ల ఉన్న గదిలోకి మాత్రం అడుగుపెట్టేది కాదు. ఉతికిన బట్టలు ఇస్త్రీ లేకుండానే మడతలయ్యేవి. "మీ ఇద్దరి యుద్ధంలో నా చొక్కాలు ముడతలు పడుతున్నాయి," అని బస్సు డ్రైవరు ఒకసారి అని చూశాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

ఇరవై నాలుగో తారీఖున పిస్టన్ బిగించింది. పిన్ను జారకుండా పట్టి ఉంచే తీగ క్లిప్పు ఒకటుంటుంది, చిటికెన వేలి గోరంత. దాన్ని గాడిలోకి నొక్కుతుంటే టింగుమని ఎగిరింది. ఎటు పోయిందో తెలీదు. మోకాళ్ల మీద గదంతా వెతికింది. గోనె దులిపింది. ఇంజను లోపల పడిందేమోనన్న అనుమానం వచ్చింది. అనుమానం పెనుభూతమంటారు, కానీ ఇది భూతం కంటే చిన్నదీ, భూతం కంటే ప్రమాదకరమైనదీ. మళ్లీ మోకాళ్ల మీద వంగుతుండగా పక్కగదిలోంచి మాట వినబడింది. పది రోజుల్లో మొదటి మాట.

"బీరువా కింద, ఎడమ కాలి దగ్గర. దొర్లలేదు, పడి కూర్చుంది."

క్లిప్పు సరిగ్గా అక్కడే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లు నేల మీద పడే గుండీల చప్పుడు విన్న చెవి. పాలక్క గుమ్మం దాకా వెళ్లింది. గుండీలావిడ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. థాంక్స్ చెప్పాలో క్షమించమనాలో తేలక తిరిగొచ్చింది.

బోల్టుల లెక్క తనే తేల్చుకుంది. ఇంజను వైపు ఒక్కో కన్నంలో అగ్గిపుల్ల దూర్చి లోతు కొలిచింది. లోతైన కన్నానికి పొడుగు బోల్టు, తక్కువ లోతుకి పొట్టిది. ఇంత తేలికైన ఉపాయం ఇన్నాళ్లు తట్టనందుకు తనని తానే వెక్కిరించుకుంది. మూత పెట్టి, పుస్తకంలో చెప్పినంత గట్టిగా బిగించింది. ఇరవై ఏడో తారీఖు మధ్యాహ్నం భర్తా తనూ కలిసి ఇంజనును బండికెక్కించారు. బటన్ నొక్కితే మూడోసారికి అందుకుంది. పొగ లేదు. శబ్దం మెత్తగా, గుండ్రంగా ఉంది.

"సవతి బతికింది," అన్నాడు భర్త.

ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. నిమిషం తిరక్కముందే పక్క మూత కింద నుంచి ఒక చుక్క. తర్వాత ఇంకొకటి. తర్వాత సన్నటి ధార. కొత్త ఆయిలు నేల మీద తేనెలా మెరుస్తూ పారింది.

రెంచితో ఇంకా బిగించబోయింది. బోల్టులు రాయిలా ఉన్నాయి, కదలవు. కానీ మూతకీ ఇంజనుకీ మధ్య కాగితం పెడితే దూరిపోతోంది. అంటే బోల్టు బిగిసింది మూత మీద కాదు, కన్నం అడుగున. మళ్లీ విప్పి చూస్తే అప్పుడు తెలిసింది. మూత మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. తను కన్నం లోతు కొలిచింది గానీ, పైన మూత తినే మందం లెక్కలోకి తీసుకోలేదు. రెండు ముక్కల మధ్య ఉండే కాగితపు గ్యాస్కెట్టు చిరిగిపోయింది. ఉన్నది అదొక్కటే.

ఇంజను మళ్లీ ఇస్త్రీ బల్ల ఎక్కింది. ఆ మర్నాడు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఆమె బోల్టులు అటు మార్చి ఇటు మార్చి చూసింది. ఒకచోట సరిపోతే రెండుచోట్ల తేడా వచ్చేది. రాసుకున్న కాగితం మీద కొట్టివేతలు తప్ప ఏమీ మిగల్లేదు. ఇరవై తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం, ఆమె మూడు గుండీల పెట్టెలూ పట్టుకుని అత్తయ్య గది ముందు నిలబడింది.

"అత్తయ్యా, ఒకసారి వస్తారా?"

పేపరు కదల్లేదు. "నేనెందుకు? అది కొట్టు కాదుగా."

"కాదు." పాలక్క పెట్టెల వంక చూస్తూ అంది. "కానీ సరుకు కలిసిపోయింది. నాకు చేతకావట్లేదు. ఆ రోజు అన్న మాట... అనకూడనిది."

పేపరు కిందికి దిగింది. గుండీలావిడ ఆమె తోలు లేచిన వేళ్లను చూసింది, తర్వాత పెట్టెలను చూసింది.

"కళ్లజోడు ఆ గూట్లో ఉంది, తీసుకురా."

బల్ల దగ్గరికొచ్చి ఆవిడ అడిగింది ఒకటే. "మూత దాని చోట పెట్టు. బోల్టులు బిగించకు. ఊరికే గుచ్చు, అంతే."

పాలక్క పన్నెండూ గుచ్చింది. గుండీలావిడ వంగి, చెంపను గోనెకి ఆనించి, ఒక కన్ను మూసి పక్క నుంచి చూసింది. కొట్టులో కలిసిపోయిన గుండీలు వచ్చినప్పుడు ఇలాగే గాజుబల్ల మీద పోసి, చెంప ఆనించి చూసేదట. ఒకే సరుకైతే అన్నీ ఒకే ఎత్తున ఉంటాయి. మందం తేడా ఉన్నది తల ఎత్తి తనంతట తనే పట్టుబడుతుంది.

"ఇదిగో, ఇది మెడ చాచి చూస్తోంది. ఇక్కడ ఇంత పొడుగుది అక్కర్లేదు. అదిగో, అది గొంతు దాకా మునిగింది, దానికి పొడుగుది కావాలి. ఆ రెండూ మార్చు."

"మార్చాను."

"ఇప్పుడు చివరిది. ఊహూ, నడిమిది పెట్టి చూడు. ఆ."

కన్నం ఎంత లోతైనా, మూత ఎంత మందమైనా, సరైన చోట పెట్టిన బోల్టు పైకి మిగిలే పొడుగు ఒకటే. పాలక్క కూడా చెంప ఆనించి చూసింది. పన్నెండు తలలూ బడిపిల్లల వరసలా ఒకే ఎత్తున నిలబడ్డాయి. మొత్తం పావుగంట పట్టింది. ఈ పావుగంట, గొడవపడిన పద్నాలుగో తారీఖునే ఈ ఇంట్లో ఉంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు సంతోషం రాలేదు, తల గోడకి కొట్టుకోవాలనిపించింది.

"పెట్టెల నుంచి తెంపినా, ఈ మూడు బోల్టుల మెడకీ మీ దారం ముడి అలాగే ఉంది," అంది పాలక్క.

"నా ముడి ఊడదు. బ్లేడుతో కోసుకో."

గ్యాస్కెట్టు కాగితం షీటు తెచ్చి, మూత అంచు మీద పెట్టి, చిన్న సుత్తితో తడుతూ ఆకారం కోసుకుంది. మొదటిది పాడైంది. రెండోది పాడైంది. మూడోది కూడా ఒక మూల వంకరే, కానీ సరిపోయింది. ముప్ఫైన ఇంజను మళ్లీ బండిలో కూర్చుంది. ఈసారి పది నిమిషాలు తిరిగినా నేల పొడిగానే ఉంది. ఆమె నమ్మలేక ఇంకో పది నిమిషాలు ఆపలేదు.

ఆ సాయంత్రమే తిరిగొచ్చిన మెకానిక్ నడుచుకుంటూ వచ్చి, విని, తలూపాడు.

"బోల్టులు కలిసిపోతే ఏముంది తల్లీ, మూత మీద గుచ్చి తలల ఎత్తు చూసుకోవడమే. అందరికీ తెలిసిందేగా."

"మీరు నాకు చెప్పలేదు."

"కలపొద్దని చెప్పాను కదా. కలిపితే ఏం చెయ్యాలో ఎందుకు చెప్తాను?"

ఒకటో తారీఖు తెల్లవారగానే ఆమె బండి మీద పాలకేంద్రానికి వెళ్లింది. ఇన్‌ఛార్జి బయటికొచ్చి బండిని చూసి, కాస్త ఇబ్బందిగా నవ్వాడు.

"మాట మీద నిలబడ్డావు అక్కా. కానీ ఒక్క సంగతి. కింది పదకొండిళ్లవాళ్లు ట్రాక్టరే ఉండనీ అంటున్నారు. అరగంట ముందొస్తోందట. పై ఆరిళ్లు నువ్వు చూసుకో. వచ్చాక మిగతా పూట బల్ల."

ఆమె నాలుగు క్యాన్లలో రెండు దించేసి, రెండు కట్టుకుని బయల్దేరింది. పదకొండు గడపల ముందు నుంచీ ఆగకుండా పోవడం కొత్తగా ఉంది. ఎవరి ముఖమూ చూడలేదు. బండి ఆగిపోయిన మలుపు మాత్రం, అసలు అక్కడ ఎత్తున్నట్టే తెలియకుండా దాటింది.

అన్నిటికన్నా పైనున్న పదిహేడో ఇంటి దగ్గర గేటు ముందు పాలబిందె లేదు. హారను కొడితే లోపలి నుంచి తాత కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"నువ్వా పాలక్కా. చప్పుడు పోల్చుకోలేకపోయాను. పొగేది?"

"పోయింది తాతా. బాగుచేశాను."

"అయ్యో. మలుపు దగ్గర నీలప్పొగ కనబడగానే పితకడానికి కూర్చునేవాడిని. నువ్వొచ్చేసరికి సరిపోయేది. ఇప్పుడు నాకెలా తెలుస్తుంది? ఇంకా గేదె దగ్గరికే పోలేదు."

అంటే ఇంకో అరగంట. కింద సీసాలు వరసలో ఎదురుచూస్తుంటాయి. ఇన్‌ఛార్జి గడియారం చూస్తుంటాడు. ఇరవై రోజులు ఒళ్లు హూనం చేసుకుని పొగ పోగొడితే, ఆ పొగే కావాలంటున్నాడు ఈయన. పాలక్క ఇంజను ఆపింది.

"నిదానంగా పితుకు తాతా. తొందరేం లేదు."

ఆయన వెళ్లాక దిగి, వంగి, పక్క మూత కింద వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది. బోల్టుల్లో ఒకదాని మెడ దగ్గర, బ్లేడు అందని చోట, ఎర్రదారం పోగొకటి మిగిలి ఉంది. దాన్ని లాగబోయి మానేసింది. సీటు మీద కూర్చుని, మళ్లీ దిగి, ఇంకోసారి వేలితో రాసి చూసుకుంది.